ఏర్పేడు దాటాక, బోర్లించిన బిందెలు

తిరుపతి వెళ్లొచ్చానని తెలియగానే మా స్టాఫ్ రూములో అందరూ చేతులు చాపారు. లడ్డూ తుంచి తలా కాస్త పెట్టాను. లడ్డూ అయిపోయి నెల దాటింది. దాంతోపాటు మోసుకొచ్చిన కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

నేను కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. ముప్పై ఏళ్ల సర్వీసు. పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటూ పాఠం నేర్చుకునేలా చేయడాన్ని బృంద చర్చ అంటారు. అందులో నాకు చేయి తిరిగిందని మా మండలంలో చిన్న పేరుంది. ఆ పేరు పుణ్యమా అని, చిత్తూరు, తిరుపతి వైపు ఈ పద్ధతి బ్రహ్మాండంగా నడుస్తోంది, చూసి రండి అని జులైలో ఇద్దర్ని పంపారు. రెండో ఆయన మా బయాలజీ మాస్టారు సత్తిరాజు గారు. ఆయనకి చర్చ మీద కన్నా ఏడుకొండలవాడి మీద గురి ఎక్కువ.

ఒక సంగతి ముందే చెప్పాలి. నేను చూసిన బడి ఏ ఊళ్లో ఉందో రాయను. అక్కడి వాళ్ల పేర్లు కూడా మార్చాను. ఒకసారి పేరు రాసి చేసిన నిర్వాకం చాలు.

రేణిగుంటలో తొందరపాటు

రైలు తిన్నగా తిరుపతి దాకా వెళ్తుంది. కానీ రేణిగుంటలో సగం పెట్టె ఖాళీ అవుతుంటే చూసి సత్తిరాజు గారు కంగారు పడిపోయారు. "దిగండి సుభద్ర గారూ, ఇదేనండి, ఇదే!" అంటూ నా సంచీ కూడా లాక్కుని దూకేశారు. దిగి బోర్డు చదివేసరికి రైలు కదిలిపోయింది. చేసేదేముంది, టీ తాగాం. పదిహేను రూపాయలకి రెండు గుక్కలు. మా వైపు ఆ డబ్బుకి గ్లాసు నిండా పోసి, ఇంకాస్త పొయ్యమంటారాండి అని అడుగుతారు.

బయట ఆటో అతను మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"యాడికి పోవల్ల సార్?"

"తిరుపతి."

"రైలు ఆడికే పోతాది గదా సార్. ఈడెందుకు దిగినారు?"

సత్తిరాజు గారు కొండ కనిపిస్తున్న వైపు తిరిగి దండం పెట్టుకున్నారు.

దారంతా గోడౌన్లు, లారీలు, వాటి మధ్య నీళ్ల ట్యాంకర్లు. ట్యాంకర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి తొమ్మిదో దాని దగ్గర మానేశాను. ఎవరింట్లోనైనా పెళ్లా అని అడిగితే ఆటో అతను నవ్వాడు.

"పెండ్లి యాడిది మేడమ్, దినామూ ఇంతే. ఎండలు పోయినాయి గానీ వానలు రాలే. ఇంగ పల్లెల్లో అయితే కొళాయి వచ్చిన దినమే పండగ."

మా ఇంటి వెనక పంటకాలువ ఉంది. జులైలో గట్టు తడుపుతూ పారుతుంది. ఆ గట్టు పక్కనే మా బడి, ఆ బడిలో ఏటా నేను 'నీటి పొదుపు' పాఠం చెప్తాను. ఆటోలో కూర్చుని ఆ మాట గుర్తొచ్చినా, అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఆ సాయంత్రమే సత్తిరాజు గారు కొండెక్కి, మర్నాడు పొద్దున గుండు మీద గంధంతో దిగారు. మా ఊళ్లో గుండుతో కనిపిస్తే, తిరుపతి ఎప్పుడెళ్లారు, ఏం మొక్కు, దర్శనం ఎంతసేపు పట్టింది అని వీధి చివరిదాకా అడుగుతూనే ఉంటారు. తిరుపతిలో ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన కాస్త నొచ్చుకున్నారు కూడా.

ఏర్పేడు దాటాక

మేం చూడాల్సిన బడి ఏర్పేడు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక పల్లెలో ఉంది. గేటు దగ్గర ముగ్గు, గుమ్మానికి మామిడాకులు, తొమ్మిదో తరగతి గదిలో ఆఫీసు నుంచి తెచ్చి గుండ్రంగా వేసిన కుర్చీలు. కుర్చీలు చాలని పిల్లలు ఇటుకల మీద పెట్టిన బల్లపై కూర్చున్నారు. ఆరుగురు చొప్పున గుంపులు. గుంపుకో నాయకుడు, అతని చొక్కాకి పిన్నుతో గుచ్చిన బిళ్ల. బోర్డు మీద రంగు సుద్దలతో 'నీటి పొదుపు, మన బాధ్యత' అని రాసి ఉంది.

ఆ పిల్లల టీచరు రేవతి. ముప్పై ఏళ్లుండవు. తిరుపతి అమ్మాయి. రోజూ స్కూటీ మీద వస్తుందట. "బడి తెరిచినప్పట్నించీ ఇదే పని మేడమ్. పిల్లోళ్లు బాగా రెడీ అయినారు" అంది. చర్చకి రెడీ కావడమేమిటో నాకు అర్థం కాలేదు. రెండు నిమిషాల్లో అర్థమైంది.

మొదటి గుంపు నాయకుడు ఆకాశ్ లేచాడు. చక్కటి గొంతు, తడబాటు లేదు. నీరు ప్రాణాధారమని, పళ్లు తోముకునేటప్పుడు కొళాయి కట్టేయాలని చెప్పి కూర్చున్నాడు. పక్కనున్న అమ్మాయి లేచింది. "నా మిత్రుని అభిప్రాయంతో ఏకీభవిస్తూ, మరొక అంశమును జోడించదలచితిని." ఆ పక్కవాడు లేచాడు. "నా మిత్రురాలి అభిప్రాయంతో ఏకీభవిస్తూ, మరొక అంశమును జోడించదలచితిని." నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గదిలోకి రాకముందు అదే పిల్లలు వరండాలో "రేయ్, నా పెన్ను ఈరా" అని కొట్టుకోవడం చూశాను. లోపలికి రాగానే వాళ్ల నోట్లో వాళ్ల మాటే లేదు. ప్రపంచంలో ఎక్కడైనా నలుగురు కూర్చుని, ఏకీభవిస్తూ జోడించదలచితిమని మాట్లాడుకుంటారా? చర్చ అంటే ఒకడి మాట విని రెండోవాడి మాట మారాలి. ఇక్కడ ఎవడూ ఎవణ్ణీ వినడం లేదు. తమ వంతు వచ్చేదాకా పెదాలు కదుపుతూ పంక్తులు నెమరేసుకుంటున్నారు.

అలా అలా తిరిగి వంతు రెండు జడల అమ్మాయి దగ్గరికి వచ్చింది. ఆమెని నిర్మల అంటాను. "నా మిత్రుని అభిప్రాయంతో ఏకీ..." అని ఆగిపోయింది. మరిచిపోయిందనుకుని రేవతి పెదాలతో అందిస్తోంది. నిర్మల అటు చూడలేదు.

"మేడమ్, కొళాయి కట్టేయమంటా ఉండారు. మాకు కొళాయి నాలుగు దినాలకొగసారి వస్తాది. వచ్చిందాన్ని ఎవురన్నా కట్టేస్తారా? లేని నీళ్లని ఎట్ల పొదుపు చేసేది?"

చెప్పి కూర్చుంది. కూర్చుని, ఎదురుగా ఉన్న నోటుబుక్కు బోర్లించి పెట్టింది.

 వాకిట్లో హెడ్మాస్టరు గారి ముఖం మాడిపోయింది. నేను ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

"నిర్మలా, అది టాపిక్ కాదు" అంది రేవతి. "పుస్తకం ఎందుకు బోర్లేసినావు? తిరగెయ్."

అమ్మాయి తిరగేసింది. పక్కవాడు లేచి ఏకీభవించాడు. దేనితో ఏకీభవించాడో వాడికీ తెలియదు.

మధ్యాహ్నం హెడ్మాస్టరు గారి గదిలో రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ, వంకాయ పులుసు పెట్టారు. సంగటి ముద్దని నేను నమలబోతే ఆయనే నేర్పారు. "నమలకూడదు మేడమ్. గుంట చేసి పులుసు పోసుకోని, అట్లే మింగేయల్ల." మర్యాదస్తుడే. వడ్డించేటప్పుడు రెండోసారి కూడా అడిగారు. తిన్నాక విజిటర్స్ బుక్కు తెచ్చి పెట్టారు. ఆకాశ్ నాయకుడిగా ఉన్న ఆరుగురు పిల్లల జట్టే నాలుగో రోజున తిరుపతిలో అధికారుల ముందు చర్చ చేసి చూపిస్తుందని, అందులో చేసినవాళ్లని వచ్చే నెల శ్రీహరికోటకి రాకెట్ చూడ్డానికి తీసుకెళ్తారని చెప్పారు. నిర్మల కూడా ఆ ఆరుగురిలోనే ఉంది.

నేను పెన్ను తీసుకున్నాను. ఇలా రాశాను: 'తొమ్మిదో తరగతి నిర్మల అడిగిన ప్రశ్న ఈ రోజు నేను ఇక్కడ విన్న ఒకే ఒక్క నిజమైన మాట.' కింద సంతకం, తేదీ. అమ్మాయికి ఎంత మేలు చేశానో అనుకుంటూ బస్సెక్కాను.

చిత్తూరులో రెండున్నర గంటలు

మూడో రోజు చిత్తూరులో టీచర్లకి శిక్షణ. అంశం, బృంద చర్చని బోధనలో వాడటం. అరవై మందిమి వరసగా ముందుకు చూస్తూ కూర్చున్నాం. వేదిక మీద ఒక పెద్దాయన మైకు పట్టుకుని రెండున్నర గంటలు మాట్లాడారు. బృంద చర్చలో టీచరు తక్కువ మాట్లాడాలని ఆయన ఎన్నిసార్లు చెప్పారో! వెనక వరసలో ఒక పలమనేరు టీచరమ్మ చెయ్యెత్తింది. "ప్రశ్నలు చివర్లో" అన్నారు. చివర్లో భోజనాల వేళయింది. టోకెన్లు పంచారు. టోకెన్ల దగ్గర మాత్రం అరవై మందీ ఒకేసారి మాట్లాడారు.

నాకు అన్నం సహించలేదు. సత్తిరాజు గారు నా వాటా అప్పడం కూడా తిని, "మీరిలా ప్రతిదానికీ వేడెక్కిపోతే ఎలాగండీ, ఆయ్?" అన్నారు. బయటికొచ్చి నడిచాను. ఊరి చివర మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ముందు కాయల ట్రాక్టర్లు రోడ్డు వారన బారులు తీరి ఉన్నాయి. రెండు రోజులుగా గేటు తెరవలేదట. ఒక ట్రాక్టరు నీడలో ఐదుగురు రైతులు కింద కూర్చుని ఉన్నారు. ఇక్కడే ఉండాలా, తమిళనాడు వైపున్న ఇంకో ఫ్యాక్టరీకి పోవాలా అన్నది మాట. ఒకాయన పోదామన్నాడు. ఇంకొకాయన డీజిలు ఖర్చు మాటేమిటని అడిగాడు. మూడో ఆయన తమ్ముడికి ఫోన్ చేసి అక్కడ వరస ఎంతుందో కనుక్కున్నాడు. అది విని మొదటాయన మాట మార్చుకున్నాడు. పావుగంటలో తేలిపోయింది. నన్ను చూసి పెద్దాయన ఒక కాయ చేతిలో పెట్టాడు.

"ఎప్పుడూ ఇలాగే మాట్లాడుకుని తేల్చుకుంటారా?" అన్నాను.

"మాట్లాడుకోకపోతే కాయ కుళ్లిపోతాది గదమ్మా" అన్నాడు.

రెండున్నర గంటల ప్రసంగంలో నాకు దొరకనిది ఆ ట్రాక్టరు నీడలో దొరికింది. కాయ కూడా తియ్యగా ఉంది.

తిరుపతి, పూలదండల హాలు

నాలుగో రోజు తిరుపతిలో పూలదండలు కట్టిన హాలు. ఎనిమిది బడుల జట్లు, ముందు వరసలో అధికారులు, వాళ్ల ముందు జీడిపప్పు పళ్లేలు. మేం చూసిన బడి మూడోది. రేవతి వెనక ఆరుగురు పిల్లలు ఇస్త్రీ బట్టల్లో వేదికెక్కారు. రెండు జడల అమ్మాయి కోసం చూశాను. లేదు. ఆమె చోట ఎవరో కొత్త అబ్బాయి.

చర్చ మొదలైంది. నీరు ప్రాణాధారం, ఏకీభవించడాలు, జోడించడాలు. తర్వాత ఆకాశ్ లేచి, సరిగ్గా హాలు మధ్యకి చూస్తూ, చెయ్యి కాస్త పైకెత్తి, ఖంగున అన్నాడు:

"మా ఇంటికి నాలుగు దినములకు ఒకసారి నీరు వచ్చును. లేని నీటిని మేము ఎట్లు పొదుపు చేయగలము?"

హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఒకాయన తల ఊపారు. వెంటనే కొత్త అబ్బాయి లేచి, వర్షపు నీటిని ఇంకుడు గుంతల్లో నిలుపుకోవాలని జవాబు అప్పజెప్పాడు. ప్రశ్నకి జవాబు కూడా వండి తెచ్చారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ అమ్మాయి నోట్లోంచి మాట లాక్కుని, ఉతికి, ఇస్త్రీ చేసి, ఇంకొకడికి తొడిగారు. పిల్లని మాత్రం ఇంట్లో వదిలేశారు. ప్రేక్షకుల ప్రశ్నలు అనగానే నేనే లేచాను.

"బాబూ ఆకాశ్, మీ ఇంటికి నీళ్లు ఎలా వస్తాయి?"

వాడు రేవతి వైపు చూశాడు. అది వాడికి నేర్పలేదు.

"మా ఇంట్లో బోరు ఉండాది మేడమ్."

హాల్లో నవ్వులు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నేను కూర్చున్నాను. పద్నాలుగేళ్ల పిల్లాణ్ణి అంతమందిలో నిలబెట్టి నవ్వులపాలు చేశాను. వాడేం తప్పు చేశాడు? ఇచ్చింది అప్పజెప్పాడు. ఆ రోజు నా కోపం మొదటిసారి నా వైపు తిరిగింది.

వరండాలో రేవతి నన్ను పట్టుకుంది. కళ్లలో నీళ్లు.

"మీరు మంచికే రాసినారు మేడమ్. కానీ ఎందుకు రాసినారు?"

విజిటర్స్ బుక్కు అధికారులకి చూపించడానికి హెడ్మాస్టరు గారు సంచిలో తెచ్చారు. తీసి చూపించింది. నా వాక్యం కింద ఎర్ర సిరాతో గీత. పక్కన ఆయన చేతిరాత: 'టాపిక్ నుండి పక్కకు పోయిన విద్యార్థినిని మార్చడమైనది. చర్య తీసుకోబడినది.'

 హెడ్మాస్టరు గారిని పిలిచి అడిగితే, ఆయన నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయారు.

"విజిటర్లు పేరు పెట్టి రాసినారంటే రిమార్కే గదా మేడమ్. రిమార్కుకి చర్య చూపించకుంటే ఆడిట్‌లో మమ్మల్ని అడుగుతారు."

"అది మెచ్చుకోలండీ!"

"మెచ్చుకోలా?" ఆయన మళ్లీ చదివారు. "ఒకే ఒక్క నిజమైన మాట అని రాసినారు. అంటే మిగతాదంతా అబద్ధమనే గదా."

 నిజానికి నేను రాసింది అదే. ముప్పై ఏళ్లుగా మా బడి విజిటర్స్ బుక్కులో ఎవరేం రాసినా పక్కన 'చర్య తీసుకోబడినది' అని మేమూ రాస్తున్నాం. ఏం రాశారో చదవకుండా రాసిన రోజులూ ఉన్నాయి. తెలిసి తెలిసి ఒక పిల్ల పేరు ఆ పుస్తకంలో ఎక్కించాను.

అప్పటికే మైకులో శ్రీహరికోటకి వెళ్లే పిల్లల పేర్లు చదువుతున్నారు. నేను వేదిక దగ్గరికి పోయి, ఆ ప్రశ్న అడిగిన పిల్ల వేరే, ఆమె పేరు చేర్చండి అని మొత్తుకున్నాను. ఒక అధికారి మర్యాదగా విన్నారు. పాసుల కోసం జాబితా పంపేశామమ్మా, ఇక మార్చడం కుదరదు అన్నారు. ఈమె సలహా రాసుకోవయ్యా అని పక్కనున్న గుమాస్తాకి చెప్పారు. అతను రాసుకున్నాడు. "వచ్చే తూరి నిర్మలనే పంపిస్తాం లెండి" అన్నారు హెడ్మాస్టరు గారు. వచ్చే ఏడాది ఆ పిల్ల పదో తరగతి. పదో తరగతి పిల్లల్ని బడి గేటు కూడా దాటనివ్వరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

బిందెల దగ్గర

మా రైలు మర్నాడు మధ్యాహ్నం. సత్తిరాజు గారిని గదిలో వదిలి, తెల్లవారుతూనే రేవతి స్కూటీ వెనక కూర్చుని ఆ పల్లెకి మళ్లీ వెళ్లాను. క్షమాపణ చెప్పుకోకుండా రైలెక్కలేకపోయాను.  దారిలో రేవతి, "నేను ఆ కొత్త పిల్లోడికి ఒక్క రోజులో నేర్పించినాను మేడమ్" అంది. గర్వమో సిగ్గో తెలియలేదు.

అదృష్టమో దురదృష్టమో, ఆ రోజు కొళాయి రోజు. వీధి మొగలో పంపు చుట్టూ ఇరవై మంది దాకా ఆడవాళ్లు, రంగు రంగుల ప్లాస్టిక్ బిందెలు. మా వైపు అయితే ముందొచ్చిన బిందె ముందు, దానికోసం పొద్దున్నే జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. ఇక్కడ వరసే లేదు. నీళ్లు ఇంకా రాలేదు. అందరూ గుండ్రంగా కూర్చున్నారు, ఎవరి ముందు వాళ్ల బిందె. నిర్మల వాళ్ల మధ్యే ఉంది. పక్కన వాళ్లమ్మ, రేణిగుంటలో గోడౌన్ పనికి పోవడానికి సిద్ధంగా, భుజాన టిఫిన్ సంచి.

"ఈ దినం ముందు ఎవురికి?" అంది ఒక ముసలావిడ.

"మాకు పసిబిడ్డ ఉండాది. గుడ్డలు ఉతకల్ల" అని ఒకామె చెప్పి, తన బిందె బోర్లించింది.

"నాకు ఏడున్నరకి బస్సు. లేటయితే గేటు మూసేస్తారు" అని నిర్మల వాళ్లమ్మ చెప్పి, బిందె బోర్లించింది.

"మా ఇంట్లో పోయిన తూరి పట్టిన నీళ్లు రెండు బిందెలు ఉండాయి. నేను కడగా పట్టుకుంటా" అని ఇంకొకామె. ఆ బిందె కూడా బోర్ల.

నాకు అప్పుడు వెలిగింది. మాట్లాడినవాళ్లు బిందె బోర్లిస్తున్నారు. పసిబిడ్డ తల్లి మళ్లీ ఏదో అనబోతే ముసలావిడ, "నీది బోర్లేసినావు గదా, ఉండు. ఇంగా మాట్లాడనోళ్లు ఉండారు" అంది. అన్ని బిందెలూ బోర్లపడేదాకా ఎవరికీ రెండో మాట లేదు. ఒక మూల చిన్న కోడలు తల దించుకుని కూర్చుంది. ఆమె బిందె ఒక్కటే నిలబడి ఉంది. అందరూ ఆమె కోసం ఆగారు. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి ఆమె, అత్తకి జ్వరమని, కాచిన నీళ్లు కావాలని గొణిగి, బిందె తిప్పింది. వాళ్ల ఇంటినే ముందు పెట్టారు. మాట తేలాక అందరూ బిందెలు మళ్లీ నిలబెట్టుకున్నారు.

ఆ రోజు క్లాసులో నిర్మల పుస్తకం ఎందుకు బోర్లించిందో ఇప్పుడు తెలిసింది. నా మాట అయింది, ఇక మీరు చెప్పండి అని. ఆ గదిలో చర్చ చేసింది ఆ పిల్ల ఒక్కతే. ఆమెకి మేం తిరగెయ్ అని నేర్పాం. రేవతి వైపు చూశాను. ఆమె బిందెల వైపే చూస్తోంది.

నాకు నోరాగలేదు. "ఎంత బాగుందమ్మా, ఇదే కదా నిజమైన..." అని ఉపన్యాసం మొదలుపెట్టాను.

ముసలావిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీ బిందె యాడమ్మా?"

"నాకు లేదండీ."

"అయితే కూకో."

కూర్చున్నాను. కాసేపటికి నిర్మల వాళ్లమ్మ జాలిపడి ఒక స్టీలు చెంబు నా ముందు పెట్టింది. అందరూ నా వైపు చూశారు. నిర్మలకి చెప్పాను. నీ పేరు ఆ పుస్తకంలో రాసింది నేనే, మేలనుకుని రాశాను, దానివల్లే నీకు శ్రీహరికోట పోయింది, తప్పు నాది. ఇంకా చాలా చెప్పాలనుంది. అధికారిని అడిగానని, హెడ్మాస్టరుని నిలదీశానని. కానీ చేయి చెంబు మీద పడింది. బోర్లించేశాను. ఇక మాట్లాడటానికి లేదు.

నిర్మల తన బిందెని ముందుకి లాక్కుంది.

"రాకెట్ మా మిద్దె మీంచి కనపడతాది మేడమ్. ఎప్పుడూ సూస్తాము. కానీ సప్పుడు ఈడికి రాదు. దగ్గర నిలబడితే రొమ్ము అదురుతాదంట. ఆ సప్పుడు ఇనాలని ఉండె, అంతే."

అని తన బిందె బోర్లించింది. ఆమె మొహంలో ఏడుపూ లేదు, నన్ను ఓదార్చే ప్రయత్నమూ లేదు. అంతలో పంపు బుసకొట్టింది. నీళ్లొచ్చాయి. అందరూ లేచారు.

మా ఊరు

వచ్చిన వారానికే మా తొమ్మిదో తరగతిలో నీటి పొదుపు పాఠం వచ్చింది. కిటికీ అవతల కాలువ. పాఠం పక్కన పెట్టి, బిందెల సంగతి చెప్పి, పిల్లల్ని గుండ్రంగా కూర్చోమన్నాను. మాట్లాడినవాళ్లు పుస్తకం బోర్లించాలని చెప్పి, ముందు నా పుస్తకం నేనే బోర్లించాను. ముప్పై ఎనిమిది మంది. పావుగంటకి చూస్తే ఎనిమిది పుస్తకాలే బోర్లపడ్డాయి. అవన్నీ మామూలుగా నేను నాయకుల్ని చేసే పిల్లలవే. బృంద చర్చలో చేయి తిరిగిందని పేరున్న నేను, ఇన్నేళ్లుగా ఆ ఎనిమిది మంది మాటలే విని గంట కొట్టించేశానన్నమాట. మిగతావాళ్లని పలికిద్దామని నేనే అందుకుని రెండు నిమిషాలు చెప్పాను. వెనక బల్ల నుంచి ఎప్పుడూ నోరు విప్పని సత్యవతి లేచింది.

"టీచరండీ, మీ పుస్తకం ఎప్పుడో బోర్లేశారండి. మళ్లీ మాట్లాడకూడదు కదండి."

పిల్లలు నవ్వారు. సత్యవతి తన పుస్తకం బోర్లించి కూర్చుంది. ఏడాదిలో ఆ పిల్ల గొంతు వినడం నాకు అదే మొదలు.

నిన్న పొద్దున రాకెట్ పోయింది. సాయంత్రం స్టాఫ్ రూములో ఉండగా ఫోన్ మోగింది. రేవతి నంబరు కాదు. రేవతి దగ్గర నా నంబరు తీసుకుని, వాళ్లమ్మ ఫోన్ నుంచి నిర్మల.

"మేడమ్, పోయినాది. మిద్దె మీంచి సూసినాను."

"చప్పుడు వచ్చిందా?" అడిగాను.

"రాలేదు మేడమ్. ఆకాశ్ వచ్చి చెప్పినాడు, అది ఎట్ల ఉంటాదో."

మాటలు నోటిదాకా వచ్చాయి. వచ్చే ఏడాది నేనే వచ్చి తీసుకెళ్తాననో, బాధపడకనో, ఇంకేదో. ఎదురుగా బల్ల మీద నా సోషల్ పుస్తకం ఉంది. బోర్లించి పెట్టాను.

"నువ్వు చెప్పు" అన్నాను.

నిర్మల చెప్పడం మొదలుపెట్టింది.